చదును పాదాలతో పరుగు, వాలీబాల్, కబడ్డీ: నొప్పి వస్తే ఏం చేయాలి

అరికాలి లోపలి అంచున ఉండాల్సిన వంపు నేలకి ఆనిపోతే చదును పాదం అంటాం, ఫ్లాట్ ఫుట్ అన్నా అందరికీ తెలుసు. మన దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఈ మాట ఎక్కువగా రెండు చోట్ల వినబడుతుంది: ఫోర్స్ ఉద్యోగాల కోసం తెల్లారకముందే రోడ్డెక్కి పరిగెత్తే కుర్రాళ్ల దగ్గర, పిల్లాడి తడి అడుగులు గచ్చు మీద చూసి కంగారుపడిన అమ్మానాన్నల దగ్గర. "మా బాబుకి పాదాలు చదునంటండీ, ఆటలు మాన్పించేయాలా?" అని అడుగుతారు. మాన్పించక్కర్లేదు. నడిచినా పరిగెత్తినా గెంతినా నొప్పి లేకపోతే ఆ పాదానికి వైద్యమే అక్కర్లేదు.

నొప్పి ఉంటే సంగతి వేరు. అప్పుడు కూడా వంపు తెప్పించాలని డబ్బు తగలేయకండి, నొప్పి ఏ చోట పుడుతుందో పట్టుకుని ఆ చోటు సంగతి చూడండి. ఎదిగిన మనిషికి చదునుగా స్థిరపడిన పాదంలో కసరత్తుతోనో షూతోనో చెప్పుకోదగ్గ వంపు రాదు. కానీ అదే పాదంతో, ఆ ఆకారం ఏమీ మారకుండానే, నొప్పి తగ్గించుకుని హాయిగా ఆడుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఎందుకంటే చాలాసార్లు నొప్పికి కారణం ఆకారం ఒక్కటే కాదు, కండ మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు ఒక్కసారిగా దాని మీద వేయడం. చదును పాదంలో ఆ బరువు కొన్ని చోట్ల కాస్త ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

ముందు మీ పాదం ఏ రకమో చూసుకోండి

పాదాలు తడిపి, పొడి గచ్చు మీద మామూలుగా నడిచి వెనక్కి తిరిగి చూడండి. ముందరి భాగానికీ మడమకీ మధ్య సన్నటి పట్టీలా తడి కనిపిస్తే వంపు ఉన్నట్టు. మధ్యలో ఖాళీ అనేదే లేకుండా పాదమంతా నిండుగా పడితే చదును. ఎర్ర గచ్చు అరుగు ఉన్న ఇంట్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది, టైల్స్ మీద తడి వ్యాపించిపోయి అందరి పాదాలూ చదునుగానే కనిపిస్తాయి కాబట్టి టైల్స్ మీద చూసి టెన్షన్ పడకండి.

ఈ అడుగుల పరీక్ష కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టి చూడమనండి. లేచినప్పుడు అరికాలి లోపల వంపు కనబడుతూ, మడమ కాస్త లోపలికి తిరిగితే అది మెత్తటి చదును పాదం. నూటికి ఎక్కువమందికి ఇదే, దీంతో ఏ ఆటైనా ఆడొచ్చు. మునివేళ్ల మీద లేచినా వంపు రాకుండా, మడమ తిరక్కుండా పాదం బిగుసుకుపోయి అలాగే ఉంటే అది గట్టి చదును పాదం. దాని లోపల ఎముకలు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించాల్సిందే. తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ల పిల్లాడికి తరచూ కాలు మడతపడుతూ, పాదం బిగుసుగా ఉండి నొప్పి పెడుతుంటే ముఖ్యంగా ఈ అనుమానం పెట్టుకోవాలి.

చిన్నపిల్లల విషయం ఇక్కడే చెప్పేస్తాను. పుట్టినప్పుడు అందరి పాదాలూ చదునే. అరికాలి కింద కొవ్వు మెత్త ఉంటుంది, కీళ్లు వదులుగా ఉంటాయి. వంపు మెల్లమెల్లగా వస్తుంది, చాలామందిలో ఆరు నుంచి పదేళ్ల లోపు. నాలుగేళ్ల పిల్లకి వంపు లేదని ఖరీదైన బూట్లు కొనడం వల్ల వంపు తొందరగా రాదు. ఇసకలో, మట్టిలో చెప్పుల్లేకుండా ఆడుకోనివ్వండి. ముళ్లూ గాజు పెంకులూ చూసుకోండి చాలు.

నొప్పి ఎక్కడో వేలితో చూపించండి

"కాలంతా లాగేస్తోంది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఒక్క వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించగలిగితే సగం పని అయినట్టే. చదును పాదాల వాళ్లకి ఎక్కువగా నొప్పి పెట్టే చోట్లు నాలుగు.

మొదటిది మడమ కింద, లోపలి వైపు. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేయగానే సూది గుచ్చినట్టు ఉంటుంది, పది అడుగులు వేశాక తగ్గుతుంది, మళ్లీ సాయంత్రం ఆట అయ్యాక వస్తుంది. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద పరుచుకున్న గట్టి పొర ఒకటి ఉంటుంది, అది మడమ ఎముకకి అతుక్కునే చోట అరిగి నొప్పి చేస్తుంది. డాక్టర్లు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. ఎక్స్‌రేలో ఎముక మొలిచిందని చెప్పి భయపెడతారు కొందరు. నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ అలాంటి మొలకలు కనిపిస్తాయి, దాన్ని కోయించుకోవాలని పరిగెత్తకండి.

రెండోది లోపలి గిలక (చీలమండ దగ్గర లోపలి వైపు పొడుచుకొచ్చే ఎముక) వెనకా కిందా. ఇది చదును పాదాలకి అసలైన బలహీన చోటు. పిక్క లోపలి నుంచి బయల్దేరిన ఒక స్నాయువు, అంటే కండని ఎముకకి కలిపే తాడులాంటిది, లోపలి గిలక వెనగ్గా తిరిగి అరికాలి కిందికి వెళ్లి వంపుని పైకి పట్టి ఉంచుతుంది. పాదం ప్రతి అడుక్కీ లోపలికి కుంగుతుంటే దాని మీద లాగుడు ఎక్కువ. గిలక వెనక నొక్కితే నొప్పి, కాస్త వాపు, ఒంటికాలి మీద మునివేళ్లపై లేవడం కష్టం కావడం దీని గుర్తులు. దీన్ని నిర్లక్ష్యం చేయొద్దు. మిగతావి వారాలూ నెలల్లో సర్దుకుంటాయి, ఈ స్నాయువు చెడిపోతే మాత్రం పాదం ఇంకా కిందికి కుంగిపోతుంది. నలభై దాటాక, ఒకప్పుడు వంపు ఉన్న పాదం ఒక్కటే కొత్తగా చదునైపోతుంటే కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది.

మూడోది కాలి ముందు ఎముకకి లోపలి అంచు, మోకాలికీ గిలకకీ మధ్య కింది సగంలో. షిన్ పెయిన్ అని గ్రౌండ్‌లో అందరూ అనేది ఇదే. జానెడు పొడవునా నొక్కితే నొప్పి ఉంటే ఫరవాలేదు, బరువు తగ్గిస్తే తగ్గుతుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోటే, ఎముక మీదే, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉండి, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే ఎముకలో సన్న చీలిక వచ్చిందేమో అని అనుమానించాలి. అప్పుడు పరుగు ఆ రోజే ఆపేయాలి. ఒక మాట గుర్తుంచుకోండి, ఈ చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగానే ఉందన్నారని మళ్లీ పరిగెడితే చీలిక కాస్తా ఎముక విరిగేదాకా పోతుంది.

నాలుగోది మోకాటి చిప్ప చుట్టూ, మెట్లు దిగేటప్పుడు, గుంజీలు తీసేటప్పుడు, ఎక్కువసేపు మడిచి కూర్చుని లేచేటప్పుడు. పాదం లోపలికి కుంగితే మోకాలూ లోపలికి వాలుతుంది, నిజమే. కానీ ఈ నొప్పికి పాదం కంటే తుంటి కండల బలహీనతే ఎక్కువ కారణమవుతుంది చాలామందికి. అద్దం ముందు ఒంటికాలి మీద కాస్త కూర్చుని లేచి చూడండి. మోకాలు బొటనవేలు దాటి లోపలికి పోతుంటే మీ పని పాదంతో కాదు, తుంటితో.

ఆట ఆపాలా?

పూర్తిగా ఆపక్కర్లేదు, ఎముక చీలిక అనుమానం ఉంటే తప్ప. నొప్పిని సున్నా నుంచి పది దాకా లెక్కేసుకోండి. ఆడుతున్నప్పుడు మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వచ్చేస్తే ఆ మోతాదు మీకు సరిపోయినట్టు. నాలుగైదు దాటినా, కుంటుతున్నా, మర్నాడు పొద్దున్న నిన్నటికంటే ఎక్కువున్నా మోతాదు తగ్గించాలి. రెండు వారాలు మంచం మీద పడుకుని నొప్పి పోయిందనుకుని నేరుగా మ్యాచ్‌కి దిగితే కండ ఇంకా బలహీనపడి ఉంటుంది కాబట్టి నొప్పి అంతకంటే గట్టిగా తిరిగి వస్తుంది. అందుకే ఆపడం కంటే తగ్గించడం మేలు: పరుగు సగం చేయండి, గెంతులు మానండి, ఆ మిగిలిన టైం సైకిల్ తొక్కండి, ఏటి దగ్గర నీళ్లు బాగుంటే ఈత కొట్టండి.

ఎస్‌ఎస్‌సీ జీడీ, అంటే కేంద్ర బలగాల కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్లు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తాలి. నోటిఫికేషన్ పడ్డాక, ఫిజికల్ టెస్టుకి నెలన్నర ఉందనగా, అంతవరకు వారానికి ఒక్క రోజు క్రికెట్ ఆడిన కుర్రాడు రోజూ ఐదు కిలోమీటర్లు మొదలెడతాడు, ఆదివారం కూడా వదలడు. రెండో వారానికి ముందు ఎముక నొప్పి. పాదాలు చదునైతే తప్పు దాని మీదకి తోసేస్తారు, కానీ వంపున్న పాదాల వాడికీ అదే నొప్పి అదే వారంలో వస్తుంది. వారానికి మూడు నాలుగు రోజులే పరిగెత్తండి, మధ్యలో ఖాళీ రోజు ఉండాలి, దూరం పెంచిన వారం వేగం పెంచకండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మన రోడ్లకి మధ్య ఎత్తు, అంచులకి వాలు. రోజూ ఒకే పక్కన పరిగెడితే రోడ్డు మధ్య వైపున్న కాలు ప్రతి అడుక్కీ ఇంకా లోపలికి కుంగుతుంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు పరిగెత్తే గుంపులో ఎవరికైనా ఒక్క కాలే నొప్పి పెడుతుంటే ముందు ఇది అడగండి. వచ్చే పోయే బండ్లు చూసుకుంటూ, వీలైనంత చదునైన చోట, కాలేజీ గ్రౌండ్‌లోనో మట్టి బాట మీదో పరిగెత్తండి. గ్రౌండ్‌లో కూడా ఎప్పుడూ ఒకే దిక్కుకి చుట్లు కొట్టొద్దు, ఒక రోజు అటు, ఒక రోజు ఇటు. రాయగడ, కొరాపుట్ వైపు ఘాట్ రోడ్ల మీద పరిగెత్తేవాళ్లకి దిగుడే ఎక్కువ దెబ్బ కొడుతుంది, ఎక్కుడు పరిగెత్తండి, దిగుడు నడవండి.

కసరత్తులు, నిజంగా పని చేసేవి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే చదివేవాళ్లలో ఎక్కువమంది ఈ భాగం దాటేసి ఇన్‌సోల్ (షూ లోపల అరికాలి కింద పెట్టుకునే పొర) దగ్గరికి వెళ్లిపోతారు. ఇన్‌సోల్ వేసుకున్న రోజే పని చేస్తుంది, కండ రోజూ పని చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మునివేళ్ల మీద లేవడం. గోడ పట్టుకుని రెండు కాళ్ల మీద నిలబడండి. రెండు మడమల మధ్య ఒక టెన్నిస్ బంతి, అది లేకపోతే పాత సాక్స్ ఉండ పెట్టుకోండి. మడమలతో దాన్ని నొక్కుతూ మెల్లగా, మూడు లెక్కపెట్టేంత సేపు పైకి లేవండి, పైన రెండు లెక్కపెట్టి ఆగండి, మళ్లీ మూడు లెక్కపెడుతూ దిగండి. బంతిని నొక్కడం వల్ల ఆ లోపలి గిలక వెనక స్నాయువుకి పని తగులుతుంది, ఊరికే లేస్తే పని అంతా పెద్ద పిక్కే చేసేస్తుంది. పన్నెండు నుంచి పదిహేను సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. ఇది సులువైపోయాక ఒంటికాలి మీద. ఒంటికాలి మీద ఆపకుండా ఇరవై, ఇరవై ఐదు లేవగలిగితే ఆటకి సరిపడా బలం వచ్చినట్టు లెక్క. మొదట్లో ఎనిమిదికే కాలు వణుకుతుంది, కంగారుపడకండి.

మడమ నొప్పి ఉన్నవాళ్లు ఇదే కసరత్తు మెట్టు మీద, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి చేయాలి. తువ్వాలు వల్ల వేళ్లు పైకి వంగుతాయి, అరికాలి పొర బిగుస్తుంది, లేచి దిగుతుంటే ఆ పొర మీదే బరువు పడి మెల్లగా గట్టిపడుతుంది. ఇదీ రోజు విడిచి రోజే, రోజూ చేస్తే కోలుకునే టైం ఉండదు.

రెండోది పాదాన్ని పొట్టి చేయడం. కుర్చీలో కూర్చుని పాదం నేల మీద పెట్టండి. వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదలుని మడమ వైపు లాగండి. బయటికి పెద్దగా ఏమీ కదలదు, అరికాలి మధ్యలో మాత్రం చిన్నగా పైకి లేస్తుంది. అక్కడ ఒక వేలు దూర్చి పెట్టుకుంటే లేస్తోందో లేదో తెలుస్తుంది. ఐదు నుంచి పది సెకన్లు పట్టి ఉంచి వదలండి, పది పదిహేను సార్లు. మొదట్లో వేళ్లే ముడుచుకుంటాయి, కొందరికి అరికాలిలో కొంకర్లు పట్టేస్తాయి, అయితే రెండు రోజులు తక్కువ చేయండి. కూర్చుని వచ్చాక నిలబడి, తర్వాత ఒంటికాలి మీద. బస్సు కోసం నిలబడినప్పుడు కూడా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు.

పిక్క బిగుసుకుపోయి ఉంటే పై రెండూ సగమే పని చేస్తాయి. పిక్క సాగకపోతే పాదం వేరే దారి లేక లోపలికి కుంగుతుంది. గోడకి చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి మడమ నేలకి నొక్కండి, మోకాలు నిటారుగా ముప్పై సెకన్లు, మోకాలు కాస్త వంచి ఇంకో ముప్పై సెకన్లు, మూడేసి సార్లు. చదును పాదాల వాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు: వెనక పాదాన్ని బయటికి తిప్పేసి వంగుతారు. అప్పుడు సాగేది పిక్క కాదు, పాదం లోపలి భాగం. వేళ్లు నేరుగా గోడ వైపే ఉండాలి, అరికాలి లోపలి అంచు కింద మడిచిన తువ్వాలు ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది.

గిలక కోసం పాత సైకిల్ ట్యూబ్ ఉంటే చాలు, రబ్బరు బ్యాండ్ కొనక్కర్లేదు. ట్యూబుని మంచం కోడుకి కట్టి, రెండో కొసని పాదం ముందరి భాగానికి తగిలించి, వేళ్లు కిందికి చూస్తుండగా పాదాన్ని లోపలికి లాగండి. మోకాలు కదలకూడదు. అదే ట్యూబు రెండు మోకాళ్ల పైన చుట్టుకుని, కాస్త వంగి, పక్కకి పది అడుగులు అటు, పది ఇటు నడిస్తే తుంటికి మంచి పని. మోకాటి నొప్పి వాళ్లకి అన్నిటికంటే ముందు ఇదే.

పొద్దున్న మడమ పొడిచేవాళ్లు మంచం దిగకముందే కాలు మీద కాలు వేసుకుని, చేత్తో వేళ్లని వెనక్కి వంచి పది సెకన్లు పట్టుకోండి, పది సార్లు. తర్వాతే అడుగు వేయండి. సాయంత్రం ఆట అయ్యాక నీళ్ల బాటిల్ గడ్డకట్టించి అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి, సాక్స్ వేసుకునే. ఇది ఉపశమనమే, మందు కాదు.

ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పది రోజులు చేసి "ఏం లాభం లేదు" అనేవాళ్లకి చెప్పేదేమీ లేదు.

షూ, ఇన్‌సోల్, ప్లాస్టర్

షూ కొనేముందు మూడు పనులు చేయండి. మడమ వెనక భాగం బొటనవేలితో నొక్కండి, అణిగిపోకూడదు. ముందు నుంచి వంచండి, వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో కాదు. రెండు చేతులతో మెలితిప్పండి, తడిగుడ్డ పిండినట్టు తిరిగిపోతే వదిలేయండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, ఆటకి వేసుకునే సాక్స్‌తోనే తొడిగి చూడండి, పొడవైన వేలికి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. చదును పాదం సాధారణంగా ముందు వెడల్పుగా ఉంటుంది కాబట్టి సైజు పెంచి కొనేస్తారు, అప్పుడు మడమ వదులై లోపల జారుతుంది. సైజు కాదు, వెడల్పు చూడండి. సంతలో దొరికే కంపెనీ పేరు నకలు షూస్ పైకి బాగుంటాయి, లోపల మడమ భాగం అట్టముక్క. వాన కాలంలో రెండు తడుపులకి మెత్తబడిపోతుంది.

పాత షూ అడుగు చూస్తే కూడా తెలుస్తుంది. మడమ బయటి అంచు కాస్త అరగడం అందరికీ మామూలే. లోపలి అంచు బాగా అరిగి, బల్ల మీద పెడితే షూ లోపలికి వాలుతుంటే దాని పని అయిపోయింది. పరుగు షూ సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లకి మార్చాలి.

ఇన్‌సోల్ కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి చవకైన దారి ప్లాస్టర్. మెడికల్ షాపులో అంగుళం వెడల్పు అంటుకునే టేపు చుట్ట తీసుకోండి. చిటికెన వేలి మొదలు దగ్గర బయటి అంచున అంటించి, మడమ వెనగ్గా తిప్పి, బొటనవేలి మొదలు దగ్గరికి లాగండి. దాని మీద అడ్డంగా, బయటి నుంచి అరికాలి కిందుగా లోపలికి, వంపుని కాస్త పైకి ఎత్తుతూ మూడు నాలుగు పట్టీలు వేయండి. వేళ్లు నీలంగా మారినా తిమ్మిరెక్కినా వెంటనే తీసేయండి. ఒక మ్యాచ్ ఆడి చూడండి. నొప్పి బాగా తగ్గితే ఇన్‌సోల్ మీకు పని చేసే అవకాశం ఎక్కువ. తేడా లేకపోతే ఆ డబ్బు మిగిలినట్టే. ఆట అవగానే ప్లాస్టర్ తీసేయాలి, మన ఉక్కపోతకి రాత్రంతా ఉంచితే చర్మం పొక్కిపోతుంది.

ఇన్‌సోల్ విషయంలో ముందు రెడీమేడ్ చాలు. కొలతలు తీసి చేయించేవాటికి వేలు పోయాలి, చాలామందికి రెడీమేడ్ కంటే పెద్ద తేడా ఏమీ చేయవు. వంపు దగ్గర వేలితో నొక్కితే పూర్తిగా అణిగిపోయే స్పంజి వద్దు, అలాగని రాయిలా పొడిచేదీ వద్దు. షూలో ఉన్న పాత పొర తీసేసి దీన్ని పెట్టండి, రెండూ కలిపి దూరిస్తే మడమ పైకొచ్చేసి గిలక మడతపడుతుంది. మొదటి రోజు గంట, తర్వాత రోజూ కాస్త కాస్త పెంచి, వారం పదిరోజులకి ఆటలో వాడండి. పాదాన్ని మిషన్ మీద నిలబెట్టి ఎరుపూ పసుపూ రంగుల బొమ్మ చూపించి భయపెట్టే షాపులున్నాయి. ఆ బొమ్మలో పాదం ఎక్కడ ఎక్కువ నొక్కుతోందో ఉంటుంది, జబ్బు ఉండదు.

ఆటని బట్టి

వాలీబాల్‌కి దిగడం నేర్చుకోండి. స్మాష్ కొట్టాక రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి, శబ్దం లేకుండా దిగాలి. ఊరి కోర్టుల్లో వల దగ్గరి నేల గుంటలు పడి ఉంటుంది, ఆట మొదలెట్టే ముందు మట్టి సర్దండి.

కబడ్డీ, ఖోఖో మెత్తటి మట్టిలో చెప్పుల్లేకుండా ఆడితే చదును పాదాలకి ఇబ్బంది ఏమీ లేదు, మేలు కూడా. మ్యాట్ మీద టోర్నమెంట్ ఉంటే మాత్రం ముందు పదిహేను రోజులు ఆ షూతో ప్రాక్టీస్ చేయండి. ఫుట్‌బాల్ బూట్లు సన్నగా, మధ్యలో మెత్తగా ఉంటాయి, మందపాటి ఇన్‌సోల్ పట్టదు, మూడు వంతుల పొడవుండే పలచటిది చూడండి. ఎండాకాలం గట్టిపడిన నేల మీద పొడుగు స్టడ్స్ వేసుకోకండి. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్లు ఓవర్ల లెక్క పెట్టుకోండి, ఆదివారం ఒక్క రోజు మూడు మ్యాచ్‌లు ఆడేసి వారమంతా కుంటడం కండ తప్పు కాదు.

బరువులెత్తేవాళ్లకి ఒక మాట. బరంపురం ఈ ఆటకి పెట్టింది పేరు, 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కాటులు రవికుమార్ ఆ ఊరివాడే. అక్కడి జిమ్ములు చూసి చుట్టుపక్కల పిల్లలు కూడా బార్ పట్టుకుంటున్నారు. మెత్తటి పరుగు షూతో స్క్వాట్ చేయకండి. మడమ కింద స్పంజి అణిగి పాదం లోపలికి వాలుతుంది, వెనకే మోకాలు. గట్టి అడుగున్న షూ వేసుకుని, బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, మడమ, మూడూ నేలకి సమంగా నొక్కి ఉంచండి.

ఫోర్స్ ఉద్యోగాల సంగతి

ఇది అడగనివాళ్లు లేరు. ఎస్‌ఎస్‌సీ జీడీ నోటిఫికేషన్‌లో ఫ్లాట్ ఫుట్ ఉండకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది, మోకాళ్లు తగిలే కాళ్లు, ఉబ్బిన సిరలు, మెల్లకన్నుతో పాటు. వైమానిక దళం వైద్య ప్రమాణాలు ఇంకోలా ఉంటాయి: మునివేళ్ల మీద నిలబడితే వంపు తిరిగి కనబడుతూ, మునివేళ్ల మీద బాగా పరిగెత్తగలుగుతూ, పాదం మెత్తగా, నొప్పి లేకుండా ఉంటే తీసుకోవచ్చని. కాబట్టి మీరు ఏ ఫోర్స్‌కి వెళ్తున్నారో దాని వైద్య నిబంధనలు చదివి, రెండేళ్లు పరుగు పెట్టే ముందే ఒక ఎముకల డాక్టర్‌తో చూపించుకోండి. నెలలో వంపు తెప్పిస్తామని డబ్బు తీసుకునేవాళ్లని నమ్మకండి. మెత్తటి, నొప్పిలేని పాదానికి ఉద్యోగం కోసం ఆపరేషన్ అనే ఆలోచన అసలే వద్దు, బాగున్న కాలిని పాడుచేసుకోవడం అది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఎలా

గట్టి చదును పాదం, ఒక్క కాలే కొత్తగా చదునవడం, ఎముక మీద ఒక్క బిందువులో నొప్పి, రాత్రి నొప్పి, ఆడుతుండగా టప్‌మని శబ్దం వచ్చి కాలు ఆనించలేకపోవడం, వేళ్లలో తిమ్మిరి, ఎర్రబారి వేడిగా ఉన్న వాపు. వీటిలో ఏది ఉన్నా కసరత్తులతో కాలయాపన చేయకండి. షుగర్ ఉన్నవాళ్లు పాదంలో స్పర్శ తగ్గినట్టుంటే చెప్పుల్లేకుండా ఆడటం మానేసి ముందు పరీక్ష చేయించుకోండి. ఇవేవీ లేకపోయినా ఆరేడు వారాలు శ్రద్ధగా చేసినా నొప్పి కదలకపోతే అప్పుడూ వెళ్లండి.

మ్యాచ్ ముందు నొప్పి మాత్ర వేసుకుని దిగే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నొప్పి తెలియకపోతే ఎంత ఆడాలో తెలియదు, పైగా ఎండలో చెమటోడ్చి నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కడుపుకీ కిడ్నీకీ మంచివి కావు. మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుంది, కానీ మళ్లీ మళ్లీ వేయించుకుంటే అరికాలి పొర తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు మెత్త కరిగే ప్రమాదం ఉన్నాయి. వేస్తామంటే ఇంతకుముందు ఎన్ని వేయించుకున్నారో దాచకుండా చెప్పండి.

జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఉందేమో ముందు అడగండి, కసరత్తు సరిగ్గా చేస్తున్నారో లేదో చూసే మనిషి ఉంటే చాలా తేడా వస్తుంది. అంతకుమించి కావాలంటే గంజాం, గజపతి వైపు వాళ్లకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, రాయగడ, గుణుపురం వైపు వాళ్లకి రైలెక్కితే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). ఇన్‌సోల్స్, కాలి పట్టీలు కొలిచి చేసే పెద్ద కేంద్ర ప్రభుత్వ సంస్థ కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉంది, స్వామి వివేకానంద పునరావాస సంస్థ, గట్టి చదును పాదం ఉన్న పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లడం దండగ కాదు.

వెళ్లేటప్పుడు మీరు ఆడే పాత షూస్ సంచీలో వేసుకెళ్లండి, కొత్తవి కాదు. వారానికి ఎన్ని రోజులు, ఎంత దూరం, నొప్పి మొదలయ్యే ముందు ఏం మార్చారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ప్యాంటు మోకాలి పైకి మడవగలిగేది వేసుకోండి. డాక్టర్‌గారు ఒడియాలో అడిగి మీకు మాట తడుముకోవాల్సి వచ్చినా, నొప్పున్న చోట ఒక్క వేలు పెట్టి, మునివేళ్ల మీద లేచి చూపిస్తే ఆయనకి కావాల్సినది చాలావరకు అందులోనే దొరుకుతుంది.